సిడ్నీ నుంచి కెయిర్న్స్ దాకా: హాస్టల్ వంటగదుల మీదుగా ఒక తీరయాత్ర

నమస్కారం. ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంబడి సిడ్నీ నుంచి కెయిర్న్స్ వరకు, ఇంచుమించు 2,500 కిలోమీటర్ల దూరాన్ని, వీపున ఒక్క సంచి వేసుకొని, బస్సుల్లో తిరుగుతూ, చవక హాస్టళ్లలో బస చేస్తూ ఆరు వారాల్లో పూర్తి చేసి వచ్చాను. ఆ హాస్టళ్ల గురించి, ఆ దారి గురించి నా అభిప్రాయం చెప్పడానికే ఈ వీడియో. హాస్టల్ రివ్యూ అనగానే పరుపు, స్నానాల గది, వైఫై గురించి వినడం మీకు అలవాటే. నేను మాత్రం మిమ్మల్ని ముందుగా వంటగదిలోకి తీసుకువెళ్తాను, ఎందుకంటే ఈ ప్రయాణం మన జేబుకు అందుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

లెక్క చూడండి. ఆరు నుంచి పది మంది పడుకునే డార్మ్ గదిలో ఒక మంచానికి, ఊరిని బట్టి, వారాన్ని బట్టి, నేను రాత్రికి 35 నుంచి 60 ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా చెల్లించాను. బస్సుకు గ్రేహౌండ్ వాళ్ల విమిట్ పాస్ తీసుకున్నాను. దాని గడువు ముగిసేలోపు ఎన్నిసార్లు ఎక్కి దిగినా మళ్లీ టికెట్ కొనక్కరలేదు. గర్రి దీవి, విట్‌సండే దీవులు, గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బలు, ఈ మూడు యాత్రలకూ వందల డాలర్లు పోతాయి, కానీ అవి మానుకుంటే అంత దూరం వెళ్లడమే దండగ. ఇక మన చేతిలో మిగిలేది తిండి ఖర్చు ఒక్కటే. బయట ఒక పూట సాదా భోజనానికే 20 డాలర్లు దాటుతుంటే, కోల్స్‌లోనో ఆల్డీలోనో సరుకులు కొని వండుకున్న రోజున నాకు మూడు పూటలకూ కలిపి 12 డాలర్లు మించలేదు. ఊళ్లలో కుళాయి నీళ్లే తాగుతారు కనుక నీళ్ల సీసాలు కొనే పని కూడా లేదు.

అందుకే మంచం బుక్ చేసే ముందు ఫొటోల్లో వంటగదిని వెతికి పట్టుకోండి. పొయ్యిలు ఎన్ని ఉన్నాయో, ఎంతమంది బస చేస్తారో చూడండి. వందమందికి నాలుగు పొయ్యిలున్న చోట సాయంత్రం ఏడు గంటలకు మీ వంతు వచ్చేసరికి ఆకలి చచ్చిపోతుంది. వంటగది ఫొటో ఒక్కటీ పెట్టని హాస్టల్‌లో నేను ఒకసారి దిగాను. అక్కడ ఉన్నది ఒక మైక్రోవేవ్, ఒక కెటిల్, అడుగంటిన ఒక గిన్నె మాత్రమే. ఆ మూడు రోజులూ రొట్టెముక్కలతో గడిపాను.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న ఫ్రిజ్‌ను కాస్త దగ్గరగా చూడండి. ప్రతి సంచి మీద ఒక చీటీ, చీటీ మీద పేరు, గది నంబరు, ఖాళీ చేసే తేదీ. ఆ తేదీ దాటిన సంచిని మర్నాడు సిబ్బంది తీసి పారేస్తారు. చీటీ లేని సంచికీ అదే గతి. నా పెరుగు డబ్బా, అరడజను గుడ్లు మొదటి వారంలోనే అలా పోయాయి. ఫ్రిజ్ పక్కన ఫ్రీ ఫుడ్ అని రాసి ఉన్న ఈ అరలో, ఊరు వదిలి వెళ్లేవాళ్లు సగం వాడిన బియ్యం, నూనె, పాస్తా, ఉప్పు పెట్టిపోతారు. ఆరు వారాల్లో నేను ఉప్పు ఒక్కసారీ కొనలేదు. పప్పు లేకుండా నాకు పూట గడవదు కాబట్టి సిడ్నీ శివార్లలో మనవాళ్ల దుకాణాలు బారులు తీరి ఉండే హారిస్ పార్క్‌లో పసుపు, కారం, ఆవాలు, చింతపండు కొని సంచిలో పెట్టుకున్నాను. కందిపప్పు కుక్కర్ లేకుండా ఉడకడానికి ముప్పావు గంట పడుతుంది, అంతసేపు పొయ్యిని పట్టుకొని నిలబడటం పక్కవాళ్లకు ఇబ్బంది. మైసూరుపప్పు అయితే పావుగంటలో మెత్తబడుతుంది, అక్కడి సూపర్‌మార్కెట్లలో రెడ్ లెంటిల్స్ పేరుతో ఎక్కడైనా దొరుకుతుంది. ఇంటి నుంచి ఆవకాయ, పొడులు తీసుకువెళ్లేవాళ్లు విమానంలో ఇచ్చే కార్డు మీద ఆహార పదార్థాలు ఉన్నాయని తప్పకుండా రాయండి. దాచిపెట్టి దొరికితే అక్కడికక్కడే జరిమానా వేస్తారు.

తాలింపు విషయంలో మాత్రం ఎంతో జాగ్రత్త అవసరం. ఒక హాస్టల్‌లో నేను వేసిన ఎండుమిరపకాయలు మాడి పొగ లేచేసరికి సిబ్బంది పరుగెత్తుకొచ్చి కిటికీలన్నీ తెరిచారు. అలారం మోగితే అగ్నిమాపక దళం రావడం, ఆ ఖర్చు హాస్టల్ మీద, చివరకు మన మీద పడటం కూడా జరగవచ్చు. వాళ్ల కంగారు నాకు మొదట అతిగా అనిపించింది, చిల్డర్స్ అనే చిన్న ఊరి సంగతి తెలిసే వరకు. బండాబెర్గ్‌కు దగ్గరలో ఉన్న ఆ ఊరిలోని ప్యాలెస్ బ్యాక్‌ప్యాకర్స్ హాస్టల్‌కు 2000 జూన్‌లో ఒక వ్యక్తి నిప్పు పెట్టాడు. పండ్లు, కూరగాయలు కోసే పనుల కోసం వచ్చి, అక్కడ నిద్రపోతున్న యువతీయువకుల్లో 15 మంది మరణించారు. అక్కడి పొగ అలారాలు పనిచేయలేదు. ఆ తరువాతే అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం చవక బసల అగ్నిభద్రత నిబంధనలను కట్టుదిట్టం చేసింది. కనుక గదిలోకి వెళ్లిన వెంటనే పైకప్పు మీద అలారం ఉందా, అత్యవసర ద్వారం ఎటువైపు ఉంది, కిటికీ తెరుచుకుంటుందా అన్న మూడు సంగతులూ చూసుకోండి. తక్కిన సౌకర్యాల్లో నేను సర్దుకుపోయాను. ఈ ఒక్కదాని దగ్గర సర్దుకోలేదు. ఒకచోట అత్యవసర ద్వారానికి అడ్డంగా విరిగిన మంచాలు పేర్చి ఉండటం చూసి, కట్టిన డబ్బు వదులుకొని వేరే చోటికి మారాను.

పడక గది గురించి చెప్పవలసింది తక్కువే. కింది మంచం అడగండి, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు, సొంత తాళం కప్ప వెంట ఉంచుకోండి. నల్లుల భయం వల్ల చాలా హాస్టళ్లు స్లీపింగ్ బ్యాగ్‌ను గదిలోకి రానివ్వవు, దుప్పట్లు వాళ్లే ఇస్తారు. అయినా పరుపు అంచు కుట్ల దగ్గర ఫోన్ వెలుతురులో ఒకసారి చూసుకున్నాకే పడుకోండి. చిన్న ఊళ్లలో రిసెప్షన్ సాయంత్రమే మూసేస్తారు కాబట్టి, మీ బస్సు రాత్రి చేరేదైతే తాళం ఎక్కడ ఉంచుతారో పగలే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక దారి. సిడ్నీలో నేను దిగింది ద రాక్స్ ప్రాంతంలోని సిడ్నీ హార్బర్ వైహెచ్ఏ అనే హాస్టల్‌లో. పురావస్తు తవ్వకాల్లో బయటపడిన పాత ఇళ్ల పునాదులు చెడకుండా, వాటికి పైన స్తంభాల మీద ఆ భవనాన్ని నిలబెట్టారు. మేడ మీద నిలబడితే ఎదురుగా ఆపెరా హౌస్ కనిపిస్తుంది. మిగతావాటికంటే ధర ఎక్కువే అయినా రెండు రాత్రులకు తగిన చోటు. అక్కడి నుంచి రాత్రి బస్సులో బైరన్ బే చేరుకొని, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి తూర్పు కొసన 1901లో కట్టిన దీపస్తంభం దగ్గర సూర్యోదయం చూశాను. బైరన్ దాటి క్వీన్స్‌లాండ్‌లోకి వెళ్లేవాళ్లకు ఒక సూచన: వేసవిలో న్యూ సౌత్ వేల్స్ గడియారాలను గంట ముందుకు జరుపుతుంది, క్వీన్స్‌లాండ్ జరపదు, కనుక అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు బస్సు వేళలు ఏ రాష్ట్రపు సమయంలో ఉన్నాయో చూసుకోవాలి. బ్రిస్బేన్‌లో 2024 ఆగస్టు నుంచి సిటీ బస్సు, రైలు, ఫెర్రీ ఏది ఎక్కినా 50 సెంట్లే. నది పడవల్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరగడానికే ఒక పూట కేటాయించాను.

గర్రి దీవికి నేను మూడు రోజులు ఇచ్చాను, ఇంకో రెండు ఇవ్వవలసింది. మొన్నమొన్నటి దాకా ఫ్రేజర్ ఐలాండ్ అని పిలిచిన ఈ దీవికి, అక్కడి ఆదివాసులైన బుచుల్లా ప్రజలు పెట్టుకున్న అసలు పేరు 2023లో అధికారికంగా తిరిగి వచ్చింది. ఇంగ్లీషులో రాసేటప్పుడు ముందు కె అక్షరం ఉంటుంది గానీ దాన్ని పలకరు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి ఇదే. మెకెంజీ సరస్సులో ఉన్నది కేవలం వాన నీరు. నడుము లోతు నీళ్లలో నిలబడితే కాలిగోళ్లు స్పష్టంగా కనిపించాయి. డింగోలనే అడవి కుక్కలు తిరిగే చోటు కాబట్టి తిండి బయట వదలకూడదు, ఒంటరిగా నడవకూడదు. అక్కడి గైడ్లు ఈ మాట నాలుగైదుసార్లు చెబుతారు, ప్రతిసారీ వినండి.

ఎయిర్లీ బీచ్ నుంచి విట్‌సండే దీవులకు పడవలో వెళ్తే వైట్‌హెవెన్ తీరం ఏడు కిలోమీటర్ల పొడవున పిండి ఆరబోసినట్టు ఉంటుంది. టౌన్స్‌విల్ నుంచి ఫెర్రీలో మాగ్నెటిక్ ఐలాండ్‌కు వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధకాలపు కోటల దారిలో నడుస్తూ, యూకలిప్టస్ కొమ్మల్లో నిద్రపోతున్న మూడు కోలాలను చూశాను.

వీసా గురించి చాలామంది అడిగారు. 2024 నుంచి 18 నుంచి 30 ఏళ్ల వయసున్న భారతీయులకు సబ్‌క్లాస్ 462 వీసా ఏటా వెయ్యి మందికి లాటరీ పద్ధతిలో ఇస్తున్నారు, దాని మీద పనిచేసుకుంటూ తిరగవచ్చు. నాలాగా విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు మాత్రం, మంచం ఉచితం, రోజుకు రెండు గంటలు గదులు ఊడిస్తే చాలు అని హాస్టల్‌వాళ్లు అడిగినా ఒప్పుకోవద్దు, అదీ పని కిందికే వస్తుంది.

ఉత్తరాన నవంబరు నుంచి మే వరకు సముద్రంలో ప్రాణాంతకమైన బాక్స్ జెల్లీఫిష్ ఉంటుంది కనుక, అక్కడి చలికాలమైన జూన్, జూలై, ఆగస్టు నెలలే మనకు అనువైనవి. కెయిర్న్స్ చేరేసరికి నా దగ్గర రీఫ్ పడవకు సరిపడా డబ్బు మిగిలింది, అది ఆరు వారాల వంట మిగిల్చిన డబ్బే. ఆ ఊరి ఎస్ప్లనేడ్ అనే సముద్రతీర దారి మీద ఈత కొలను ఉచితం, పక్కనే ఎవరైనా వాడుకోగల కరెంటు బార్బెక్యూ పొయ్యిలు కూడా ఉచితం. చివరి సాయంత్రం అక్కడ రెండు వంకాయలు కాల్చి, మిగిలిన చింతపండు, కారంతో పచ్చడి చేసుకొని తిన్నాను. లేచే ముందు తరువాతి వాళ్ల కోసం పొయ్యి పలకను గీకి తుడిచి వచ్చాను. అది అక్కడ అందరూ పాటించే పద్ధతి.