గబ్బిలాల గదిలో తల పైకెత్తినప్పుడు

అందరికీ నమస్కారం.

మెక్సికోలో తులుమ్ దగ్గర దోస్ ఓహోస్ అనే సెనోటే ఉంది. సున్నపురాయి కప్పు కూలి, లోపలి నీళ్లు బయటపడిన గుంట అది. డైవర్లు అక్కడ ఎక్కువగా వెళ్లే రెండు దారుల్లో ఒకదాని పేరే బ్యాట్ కేవ్. లోతు సుమారు 10 మీటర్లే. దారిలో నీళ్ల పైన గాలి ఉన్న గది ఒకటి వస్తుంది. తేలి చూస్తే కప్పుకి వేలాడుతూ గబ్బిలాలు.

తేలగానే చెయ్యి రెగ్యులేటర్ మీదికి, అంటే ట్యాంకు గాలి పీల్చుకోవడానికి నోట్లో పెట్టుకునే పరికరం మీదికి పోతుంది. దయచేసి తీయకండి. గబ్బిలాల రెట్టలో హిస్టోప్లాస్మా అనే బూజు పెరుగుతుంది. దాని బీజాలు కంటికి కనపడవు, పీలిస్తే ఊపిరితిత్తుల్లో చేరతాయి. పైగా గాలి ఆడని గదిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో ముక్కుతో కనిపెట్టలేం.

అది తీసి గదిలో గాలి పీలిస్తే ట్యాంకులో గాలి ఆదా అవుతుందిగా అంటారు కొందరు. లెక్క వేద్దాం. నిమిషానికి 20 లీటర్ల చొప్పున 3 నిమిషాలకి 60 లీటర్లు. 12 లీటర్ల ట్యాంకులో అది 5 బార్లు (బార్ అంటే ట్యాంకులో గాలి పీడనానికి కొలత). అంతే! 200 బార్లతో దిగితే మూడో వంతు, అంటే సుమారు 65 బార్లు ఖర్చయ్యేసరికి వెనక్కి తిరగాలి. ఈ 5 బార్లూ ఆ 65లోనే లెక్క. చాలామంది మరిచిపోయేది ఇదే.

పైకి వచ్చేటప్పుడు ఒక చెయ్యి తలపైన పెట్టుకోండి, సున్నపు ఊడలు తగులుతాయి. లైటు నీళ్లలోనే, కిందికి తిప్పి ఉంచండి. నీళ్లలోంచి వచ్చే నీలి వెలుగే చాలు. ఆ వెలుగులో గబ్బిలాల చెవులు గమనించండి. అటూ ఇటూ ఆగకుండా తిరుగుతున్నాయంటే మీరు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉన్నట్టు. తల్లులు బెదిరి లేస్తే పిల్లలు జారి నీళ్లలో పడొచ్చు.

అసలు ప్రమాదం కాళ్ల కింద ఉంటుంది. ఏళ్ల తరబడి రాలిన రెట్ట అడుగున మెత్తటి ఒండ్రుగా పేరుకుంటుంది. నిలబడ్డట్టు తేలుతూ ఫిన్లు ఆడిస్తే అది లేచి, లైను, అంటే గుహలో దారి చూపే తాడు, కనపడకుండా పోతుంది. బీసీడీలో, అంటే తేలడానికి వేసుకునే గాలి జాకెట్‌లో, కాస్త గాలి నింపి కాళ్లు కదపకుండా ఉండండి. లైను చూసుకున్నాకే దిగండి.

గబ్బిలం నీళ్లలో పడితే చేత్తో ఎత్తకండి, అది రెక్కలతో ఈదగలదు. కరిచినా, గీరినా వెంటనే బయటికొచ్చి సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్లండి. డైవ్ తర్వాత 3 నుంచి 17 రోజుల్లో జ్వరం, పొడిదగ్గు వస్తే గబ్బిలాల గుహకి వెళ్లొచ్చామని డాక్టరుకి మీరే చెప్పండి. చెప్పకపోతే ఫ్లూ అనుకునే అవకాశమే ఎక్కువ.