ఆడా మగా పోరులో కొత్త జాతులు పుడతాయా?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే బెంగళూరు నలుమూలల నుంచి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

ముందు ఈ సీసా చూడండి. అడుగున మగ్గిన యాలక్కి అరటిపండు గుజ్జు, పైన నలభై యాభై చిన్న ఈగలు, మగ్గిన పండ్ల మీద వాలే డ్రోసోఫిలాలు. తెలిసిన పిల్లలు ల్యాబ్ నుంచి తెచ్చిచ్చారు. పొట్ట చివర నల్లగా ఉన్నది మగది. ఒక్క రెక్క పక్కకు చాచి ఆడిస్తూ ఆడదాని వెంట పడుతోంది. అది దాని పాట. ఆడది వెనక కాలితో తన్ని పక్కకు జరిగిపోయింది. ఆ తన్ను దగ్గరే మన కథ మొదలవుతుంది.

హిందూపురంలో నేను జువాలజీ చెప్పేటప్పుడు పిల్లలు అడిగేవారు: "ఇద్దరూ కలిస్తేనే కదా సార్ పిల్లలు, మరి గొడవెందుకు?" సరైన ప్రశ్నే. కానీ ఈ మగ ఈగ ఆడదాన్ని మళ్లీ కలుస్తుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు పెట్టే గుడ్లు తనవైతే దానికి చాలు. ఆడది మాత్రం బతికినన్నాళ్లూ గుడ్లు పెట్టాలి. మగదాని వీర్యంలో శుక్రకణాలతో పాటు కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. అవి ఆడదానితో గబగబా గుడ్లు పెట్టిస్తాయి, ఇంకో మగదాన్ని దగ్గరికి రానివ్వకుండా చేస్తాయి, దాని ఆయుష్షునూ తగ్గిస్తాయి. తరాలు గడిచేకొద్దీ ఆడవి వీటిని తట్టుకోవడం నేర్చుకుంటాయి, మగవి కొత్త దారి వెతుక్కుంటాయి.

1996లో విలియం రైస్ అనే శాస్త్రవేత్త ఈ పోరులో ఒక పక్షాన్ని ఆపేశాడు. దాదాపు 40 తరాల పాటు మగ ఈగలను మారనిచ్చి, ఆడవాటిని మారనివ్వలేదు. చివరికి ఆ మగవాటితో జతకట్టిన ఆడవి ఎక్కువగా చనిపోయాయి.

ఇక జాతుల సంగతి. ఒకే ఈగలు రెండు ఊళ్లలో విడిపోయాయనుకోండి. ఒక్కో ఊళ్లో పోరు ఒక్కో దారిన పోతుంది. ఎప్పుడో మళ్లీ కలిసినప్పుడు ఈ తాళానికి ఆ చెవి పట్టదు, జత కుదరదు. అలా జత కుదరని గుంపులే మెల్లగా వేరు జాతులవుతాయి. 2000లో గవ్రిలెట్స్ అనే శాస్త్రవేత్త దీన్ని గణితంతో చూపించాడు. 2003లో మార్టిన్, హోస్కెన్ పేడ మీద వాలే ఒక రకం ఈగలను 35 తరాలు పెంచారు. పోరు ఉన్న గుంపుల్లో ఆడవి పరాయి గుంపు మగవాటిని ఎక్కువగా తిరస్కరించాయి. ఒక్క మగదానితోనే కాపురం చేయించిన గుంపుల్లో ఆ తేడా రాలేదు.

అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కానీ 2006లో మన సీసాలోని ఈగల మీదే అలాంటి ప్రయోగం చేస్తే ఏమీ తేలలేదు. జాతుల లెక్కలూ అంతే. ఆడవి ఎక్కువసార్లు జతకట్టే పురుగుల వంశాల్లో జాతులు దాదాపు నాలుగింతలని ఒక పరిశోధన అంది. క్షీరదాల్లో, సీతాకోకచిలుకల్లో, సాలీళ్లలో అలాంటి సంబంధం కనపడలేదని ఇంకొకటి అంది. గవ్రిలెట్స్ లెక్కల్లోనే ఇంకో ముగింపు కూడా ఉంది: ఆడవి రెండు రకాలుగా విడిపోతే మగవి ఎటూ పోలేక మధ్యలో ఇరుక్కుంటాయి. అప్పుడు జాతి చీలదు, పోరు చల్లబడుతుంది.

నా మటుకు నాకు దారి చూపింది మన జక్కూరులో జరిగిన పని. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రంలో అమితాభ్ జోషి ల్యాబ్‌లో త్వరగా ఎదిగి, త్వరగా గుడ్లు పెట్టే ఈగలనే వందల తరాలు ఏరుతూ వచ్చారు. అవి బాగా చిన్నవైపోయాయి. జతకట్టడానికి దొరికే సమయం తగ్గి, వాటిలో పోరు కూడా తగ్గింది. షంపా ఘోష్, జోషి 2012లో రాసింది చూడండి: అలా ఏరకుండా వదిలేసిన పాత గుంపులోని పెద్ద మగవాటితో జతకట్టిన ఈ చిన్న ఆడవి ఎక్కువగా చచ్చిపోయాయి. తట్టుకునే శక్తి వాటికి లేకుండా పోయింది. ఇది కొత్త జాతి కాదు, రెండు గుంపుల మధ్య గోడకు మొదటి రాయి పడిందంతే. ఆ రాయి పోరు పెరిగి పడలేదు, ఒక గుంపులో తగ్గడం వల్ల పడింది!

అందుకే పోరు ఎంత ఉందన్నది కాకుండా, రెండు చోట్ల దాని తేడా ఎంతన్నది కొలవాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. కె.ఆర్. మార్కెట్ పండ్ల గుట్టల మీద కిక్కిరిసి బతికే ఈగలను, నంది కొండల మీద పట్టిన ఈగలను పక్కపక్కన పెట్టి చూద్దాం. మీలో కాలేజీ పిల్లలెవరైనా ముందుకొస్తే సీసాలు, లెన్సు నేనిస్తాను. అరటిపండ్లు మాత్రం మీరు తెచ్చుకోవాలి.