పాడ్‌కాస్ట్: బైపాడ్ కొనే ముందు నేల చూడండి

హోస్ట్: అందరికీ నమస్కారం. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈ ఎపిసోడ్ మొత్తం బైపాడ్ల గురించే. రైఫిల్ ముందు భాగంలో బిగించే ఆ రెండు కాళ్ల స్టాండు గురించి. ఫీల్డ్‌లో వాడేదానికీ, కాగితం టార్గెట్ మీద గ్రూప్ తీయడానికి, అంటే షాట్లన్నీ దగ్గరదగ్గరగా కొట్టడానికి, వాడేదానికీ తేడా ఏమిటి, ఏది ఎక్కడ పనికొస్తుంది అని చాలామంది అడుగుతున్నారు. అక్కా, ముందు ‘ఫీల్డ్’ అంటే ఏమిటో తేల్చేద్దాం.

కోచ్: అవును తమ్ముడూ, అది తేల్చాల్సిందే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, వేట అన్న మాటే లేదు. కాబట్టి మనం ఫీల్డ్ అంటే సరిగ్గా చదును చేయని నేల మీద, అనుమతి ఉన్న చోట, ఇనుప రేకు టార్గెట్లను వేర్వేరు దూరాల్లో కొట్టడం. అంతే. ఇంకొకటి, అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ వాళ్ల 50 మీటర్ల ప్రోన్, అంటే బోర్లా పడుకుని కొట్టే ఆట, ఆడేవాళ్లకు పోటీలో బైపాడ్ కుదరదు. రైఫిల్‌ను చేతులు, ఒక భుజం, చెంప మాత్రమే మోయాలి, దానికి స్లింగ్ అనే పట్టీ ఉంది. స్కోప్ జీరో చేసుకోవడానికో, అంటే గురి పెట్టినచోటే తగిలేలా సరిచేసుకోవడానికో, ఏ లాట్ తూటా బాగా గ్రూప్ ఇస్తుందో చూడటానికో ఐతే వాళ్లకీ బైపాడ్ బాగా అక్కరకొస్తుంది.

హోస్ట్: పోటీలోనే బైపాడ్ వాడే ఆట కూడా ఉంది కదా, ఎఫ్-టీఆర్.

కోచ్: ఉంది. .223 లేదా .308 క్యాలిబర్ రైఫిల్, బైపాడ్, స్కోప్ అన్నీ కలిపి 8.25 కిలోలు దాటకూడదు. అక్కడ వాడే బైపాడ్ చూస్తే మనం చూసే హారిస్ కంపెనీ బైపాడ్ లాంటిది కాదు. కాళ్లు బారెడు వెడల్పుగా విడదీసి ఉంటాయి, కింద స్కీ లాంటి పట్టీలు. రీకాయిల్‌కి, అంటే పేలినప్పటి తన్నుకి, రైఫిల్ వెనక్కి తిన్నగా జారి, మళ్లీ అదే దారిలో ముందుకు రావాలని ఆ ఏర్పాటు. ఇండోనేసియాలో తయారయ్యే సెబ్ జాయ్‌పాడ్ అలాంటిదే, జాయ్‌స్టిక్ పట్టుకుని గురి పైకీ కిందికీ పక్కకీ తిప్పుతారు. దాన్ని భుజాన వేసుకుని గుట్ట ఎక్కమంటే ఎవరి వల్లా కాదు. అందుకే ‘ఏది మంచి బైపాడ్’ అన్న ప్రశ్నకి నేను ముందు అడిగేది నీ రైఫిల్ ఏమిటి, ఏ నేల మీద పెడతావు అని.

హోస్ట్: రైఫిల్‌తోనే మొదలుపెడదాం. వినేవాళ్లలో సగం మంది దగ్గర ఎయిర్ రైఫిల్సే ఉంటాయి. లైసెన్సు అక్కర్లేని .177, 20 జౌల్స్ లోపువి.

కోచ్: అది స్ప్రింగ్ గన్ ఐతే బైపాడ్ కొనొద్దు, డబ్బు మిగుల్చుకో. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ ముందుకు దూసుకెళ్తుంటే రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగిన చోట మళ్లీ ముందుకు ఊగుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే ఇదంతా జరిగిపోతుంది. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉంటేనే గ్రూప్ వస్తుంది. గట్టి బైపాడ్ పెట్టామంటే నేలను బట్టి, నొక్కుడును బట్టి ఆ కదలిక మారిపోతుంది. మెత్తని సంచి మీద, తూకం సరిపోయే చోట, అరచేయి కింద పెట్టి వదులుగా పట్టుకుంటే చాలా మేలు. పీసీపీ, అంటే ముందే గాలి నింపిన సిలిండర్‌తో కొట్టే ఎయిర్ రైఫిల్, ఐతే ఈ గొడవ లేదు, నిక్షేపంగా బైపాడ్ పెట్టుకోవచ్చు.

హోస్ట్: పీసీపీలో సిలిండర్‌కో, బ్యారెల్‌కో క్లాంప్ వేసి బిగించేవాళ్లున్నారు.

కోచ్: బ్యారెల్‌కి మాత్రం వద్దే వద్దు. రైఫిల్ ముందు బరువంతా బ్యారెల్ మీద పడితే అది వంగుతుంది. వంగేది వెంట్రుకవాసే కావచ్చు, కానీ నువ్వు కొంచెం గట్టిగా ఆనిస్తే ఒకచోట, తేలిగ్గా ఆనిస్తే ఇంకోచోట తగులుతుంది. స్టాక్‌కి, అంటే రైఫిల్ పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగానికి, బిగించాలి. స్టాక్ ముందు భాగం అడుగున ఏముందో చూడండి. స్లింగ్ స్టడ్, అంటే పట్టీ తగిలించే చిన్న బొడిపె, ఉంటే హారిస్ రకం నేరుగా ఎక్కుతుంది. పికటినీ రైలు, అంటే అడ్డంగా గాడులున్న లోహపు పట్టా, ఉంటే అట్లాస్ బైపాడ్ లాంటివి. ఎం-లాక్ అనే రకం గాడులుంటే దానికి తగిన అడాప్టర్. క్లబ్బుల్లో కనిపించే ఆన్షూట్జ్ టార్గెట్ రైఫిళ్లకు అడుగున పొడవాటి గాడి ఉంటుంది, చెయ్యి ఆనించే హ్యాండ్‌స్టాప్ జరిగే గాడి. దాంట్లో దిగే పికటినీ ముక్క దొరుకుతుంది, దానికి ఏ బైపాడైనా వేసుకోవచ్చు. స్టాక్‌కి కొత్తగా రంధ్రం వేయనక్కర్లేదు.

హోస్ట్: స్టడ్ ఉందంటే సరిపోతుందా?

కోచ్: సరిపోదు, అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆ స్టడ్ చెక్కలోకి ఒట్టి స్క్రూలా దిగిందా, లోపల నట్ ఉందా అన్నది చూడాలి. ఒట్టి స్క్రూ ఐతే బైపాడ్ మీద ముందుకు తోసిన ప్రతిసారీ చెక్కను కొంచెం కొంచెం నలుపుతుంది, ఒకనాటికి ఊడి చేతికొస్తుంది. నట్ ఉన్న స్టడ్ వేయించుకోవాలి, స్క్రూ కొన బ్యారెల్‌కి తగలకుండా సరిపడా పొడవుకే కోయించాలి. రెండోది, హారిస్‌కు రెండు దవడలు స్టడ్ రంధ్రంలో పట్టుకుంటాయి, కింద మర తిప్పితే పై తొట్టి స్టాక్‌కి అదుముకుంటుంది. స్టాక్ అడుగు గుండ్రంగా ఉంటే ఆ తొట్టి చక్కగా కూర్చుంటుంది. బల్లపరుపుగా ఉంటే రెండు అంచుల మీదే ఆనుకుని కదులుతుంది. అప్పుడు స్టడ్ తీసి, చిన్న పికటినీ ముక్క వేసుకోవడమే దారి. చేత్తో గట్టిగా బిగించాక పది షాట్లు కొట్టి మళ్లీ చూడండి, మొదటి రోజు తప్పకుండా కొంచెం వదులౌతుంది.

హోస్ట్: ప్లాస్టిక్ స్టాకుల సంగతి?

కోచ్: దానికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తీసి, తూటా కూర్చునే ఛాంబర్ కళ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడు నేల మీద బైపాడ్ మీద నిలబెట్టండి. బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ఒక కాగితం దూర్చండి. ఊరికే ఉన్నప్పుడు కాగితం సులువుగా జారుతుంది. ఇప్పుడు భుజంతో ముందుకు తోస్తూ ఇంకొకరిని కాగితం లాగమనండి. పట్టేసిందంటే స్టాక్ వంగి బ్యారెల్‌ని తాకుతోందన్నమాట. అలాంటి స్టాక్‌కి ఎంత ఖరీదైన బైపాడ్ పెట్టినా గ్రూప్ పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. తప్పు బైపాడ్‌ది కాదు.

హోస్ట్: సరే, ఇక పేర్లలోకి వెళ్దాం. హారిస్‌లో ఎస్-బీఆర్‌ఎం అని ఏవేవో అక్షరాలు.

కోచ్: ఆ అక్షరాలు తెలిస్తే సగం పని ఐపోయినట్టే. ఎస్ అంటే అటూ ఇటూ వాలుతుంది, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా రైఫిల్‌ను నిటారుగా తెచ్చుకోవచ్చు. బీఆర్ అంటే 6 నుంచి 9 అంగుళాల ఎత్తు. చివరి ఎం ఉంటే కాళ్లకు మెట్లు మెట్లుగా గాడులుంటాయి, టక్కున ఒక మెట్టు దగ్గర ఆగుతుంది. ఎం లేనివాటిలో కాలిని మర బిగించి నిలుపుతారు, ఆ మర కాస్త వదులైనా కాలు లోపలికి దిగిపోతుంది. ఎస్ ఉన్నవాటిలో ఆ వాలును ఆపే నట్ చిన్నది, వేళ్లతో సరిగ్గా బిగియదు. దాని బదులు పాడ్-లాక్ అని చిన్న లివర్ వస్తుంది, అది వేసుకుంటే పని పూర్తవుతుంది. నా లెక్కలో ఎస్-బీఆర్‌ఎం, ఆ లివర్, ఈ రెండూ ఉంటే మన దగ్గర నూటికి తొంభై మందికి ఇంకేమీ అక్కర్లేదు.

హోస్ట్: ఐతే అట్లాస్ ఎందుకు అంత ధర?

కోచ్: కాళ్లు ఒక్కొక్కటీ విడిగా కదులుతాయి. నిట్టనిలువుగా, 45 డిగ్రీలు ముందుకు, 45 వెనక్కి, ముందుకు మడిచి, వెనక్కి మడిచి, ఇలా ఐదు చోట్ల ఆగుతాయి. బీటీ10 మోడల్ పక్కకు వాలడం, కుడిఎడమలకు తిరగడం రెండూ చేస్తుంది, రెండూ చెరో వైపు 15 డిగ్రీల వరకు. బండ మీద ఒక కాలు, మట్టిలో ఒక కాలు పెట్టాల్సిన చోట ఇది ప్రాణం. చేతిలో పట్టుకుని ఊపితే కాస్త ఆట ఉన్నట్టుంటుంది, చాలామంది అది లోపం అనుకుంటారు. ముందుకు ఆనించగానే ఆ ఆట పోతుంది. కుడిఎడమలకు తిరగడం ఫీల్డ్‌లో బాగుంటుంది, కాళ్లు ఎత్తకుండానే పక్క టార్గెట్‌కి వెళ్లొచ్చు. ఒకే కాగితం మీద గ్రూప్ తీసేవాడికి అది అనవసరపు కీలు. అందుకే వాళ్లే ‘క్యాల్’ అని ఇంకొకటి తెచ్చారు, వాలుతుంది కానీ పక్కకు తిరగదు.

హోస్ట్: మ్యాగ్‌పుల్?

కోచ్: తేలిక. 6.3 నుంచి 10.3 అంగుళాలు, అర అంగుళం మెట్లు. మోసుకుని తిరిగే .22 రైఫిల్‌కి, పీసీపీకి హాయిగా సరిపోతుంది. బరువైన .308కి నేను సిఫారసు చేయను. స్పార్టన్ జావెలిన్ అయస్కాంతంతో టక్కున అతుక్కుంటుంది, అది ఇంకా తేలిక. ఎండీటీ వాళ్ల స్కై-పాడ్ గొప్పదే కానీ బరువు, ఖరీదు. గోడల మీదా పీపాల మీదా కొట్టే పీఆర్‌ఎస్ రైఫిల్ పోటీల ఆటగాళ్లకే ఆ ఖర్చుకు తగిన ఫలం.

హోస్ట్: ఎత్తు ఎలా తేల్చుకోవాలి? చాలామంది ‘పొడుగైతే అన్నిటికీ పనికొస్తుంది’ అని పెద్దది కొంటారు.

కోచ్: అది తప్పు. కాలు ఎంత సాగితే అంత ఊగుతుంది. 13 నుంచి 27 అంగుళాల రకం కూర్చుని కొట్టడానికే, గడ్డి ఎత్తుగా ఉన్నచోట. బోర్లా పడుకుంటే దాని కనిష్ఠ ఎత్తే ఎక్కువైపోతుంది, మెడ విరుచుకుని చూడాలి. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో పడుకుని, స్టాక్ ముందు భాగం కింద పుస్తకాలు పేర్చండి. మెడ సుఖంగా ఉండి, స్కోప్‌లో బొమ్మ నిండుగా కనిపించేచోట ఆపి స్కేలుతో కొలవండి. ఎక్కువమందికి 7, 8 అంగుళాల దగ్గర వస్తుంది. దానికి ఒక అంగుళం పైనా కిందా సాగేది తీసుకుంటే చాలు.

హోస్ట్: ఇందాక వాలు అన్నావు. రెండు డిగ్రీలు వాలితే నిజంగా అంత తేడా వస్తుందా?

కోచ్: లెక్క వేసి చూద్దాం. సబ్‌సోనిక్, అంటే ధ్వని కన్నా నెమ్మదిగా పోయే, .22 తూటా 50 మీటర్లు వెళ్లేసరికి బ్యారెల్ గీతకు సుమారు 12 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. ఆ పడిపోయిన దూరాన్ని వాలు కోణం సైన్‌తో గుణిస్తే పక్కకి ఎంత పోతుందో వస్తుంది. రెండు డిగ్రీలకు సైన్ 0.035. అంటే 4 మిల్లీమీటర్లు. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, నడుమ నుంచి అంచుకి 5.2. నీ గురి, ట్రిగ్గర్ అంతా సవ్యంగా ఉన్నా ఆ ఒక్క వాలే పది అంచుకి తోసేస్తోంది. 100 మీటర్లకు ఆ తూటా అర మీటరు దాకా పడుతుంది, అప్పుడు తప్పు 17 మిల్లీమీటర్లు. రెండు డిగ్రీల వాలు కంటికి తెలియదు. అందుకే వాలే బైపాడ్, స్కోప్ మీద చిన్న రసమట్టం, రెండూ కావాలి. రసమట్టం బిగించేటప్పుడు ఎదుట మేస్త్రీలు వాడే గుండు దారం వేలాడదీసి, స్కోప్‌లోని నిలువు గీతను దారంతో కలిపి, అప్పుడు బుడగను నడిమికి తెచ్చి బిగించండి.

హోస్ట్: ఇక బైపాడ్‌ను లోడ్ చేయడం, అంటే దాని మీద బరువు ఆనించడం. భుజంతో ముందుకు తోయాలి అంటారు, ఎంత?

కోచ్: రైఫిల్‌ను బట్టి. .308కి భుజం బరువు కాస్త వేయాలి, లేకపోతే రీకాయిల్‌కి కాళ్లు ఎగిరి టార్గెట్ స్కోప్‌లోంచి తప్పిపోతుంది. .22కి, పీసీపీకి వదులుదనం తీరేంత చాలు. ఎంత తోశావన్నది కాదు, ప్రతి షాట్‌కీ అంతే తోశావా అన్నదే ముఖ్యం. మన క్లబ్బుల్లో సిమెంటు బల్లలు, గచ్చు నేల. రబ్బరు అడుగులు నున్నటి సిమెంటు మీద జారుతాయి, లేదా బంతిలా ఎగురుతాయి. దానికి మందు వాకిట్లో వేసే కొబ్బరి పీచు పట్టా. అడుగులు పీచులో కుదురుకుంటాయి, ముందుకు ఆనించినా జారవు. ఎర్రమట్టిలో ఐతే వాన పడ్డాక ముళ్ల అడుగులకు బురద ముద్దలా పట్టి ఇక దిగవు, అక్కడ వెడల్పు రబ్బరే నయం. బండ మీద ముళ్లు చర్రున జారిపోతాయి, అది గుర్తుపెట్టుకోండి.

హోస్ట్: వెనక సంచి గురించి చెప్పకుండా వదిలేస్తే వినేవాళ్లు ఒప్పుకోరు.

కోచ్: వెనక సంచి లేని బైపాడ్ సగం పనే చేస్తుంది. పాత జీన్స్ కాలు ఒక జానెడు కోసి, ఒక వైపు రెండు వరసలు కుట్టి, ముప్పాతిక వంతు నింపి రెండో వైపు కుట్టేయండి. పూర్తిగా నింపితే పిడికిట్లో నలగదు. స్టాక్ వెనక అడుగున పెట్టి పిడికిలి బిగిస్తే స్కోప్‌లోని క్రాస్ గీత కిందికి దిగుతుంది, వదిలితే పైకి వెళ్తుంది. లోపల రాగులు పోస్తే అద్భుతంగా సర్దుకుంటాయి, కానీ వానాకాలం పురుగు పడుతుంది. ఆరబెట్టి జల్లించిన ఇసుక ఐతే ఆ బాధ లేదు, బరువు మాత్రం ఎక్కువ. థర్మకోల్ గుండ్లు వద్దు, అవి నొక్కితే తిరిగి పైకి తంతాయి.

హోస్ట్: రెండు బైపాడ్లు చేతిలో ఉంటే, ఏది మంచిదో న్యాయంగా ఎలా పోల్చాలి?

కోచ్: ఒకే రైఫిల్, ఒకే లాట్ తూటాలు. మొదటి దానితో ఐదు షాట్లు, రెండో దానితో ఐదు, మళ్లీ మొదటిది, అలా మార్చి మార్చి చెరో ఐదు గ్రూపులు. ఒకదానితో అన్నీ కొట్టేసి రెండోది పట్టుకుంటే గాలి మారిన తప్పు రెండో దాని నెత్తిన పడుతుంది. చెన్నైలో ఐతే మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఈ పోలికే పెట్టుకోవద్దు. ప్రతి షాట్ తరువాత రైఫిల్ ఎత్తి మళ్లీ పెట్టండి. కదల్చకుండా ఐదు కొడితే ఏ బైపాడైనా బాగానే కనిపిస్తుంది. ఎత్తి పెట్టాక మళ్లీ అదే చోట తగులుతోందా అన్నదే అసలు పరీక్ష. గ్రూప్ సైజుతో పాటు గ్రూప్ నడిమి ఎక్కడ పడిందో కూడా రాసుకోండి.

హోస్ట్: చివరిగా, చెన్నై నుంచి ఒక శ్రోత అడిగారు. హారిస్ స్ప్రింగులకు తుప్పు వస్తోందట.

కోచ్: ఆ స్ప్రింగులు బయటికే ఉంటాయి, ఉప్పు గాలి నేరుగా తగులుతుంది. రేంజి నుంచి రాగానే పొడి బ్రష్‌తో ఇసుక దులిపి, నూనె చుక్క వేసిన గుడ్డతో స్ప్రింగులు తుడవండి. నూనె కారేలా పోయొద్దు, దుమ్ము పట్టి గాడులు మూసుకుపోతాయి. ఫోమ్ పెట్టెలో మూసి నెలల తరబడి ఉంచొద్దు, ఆ ఫోమ్ తేమ పట్టుకుంటుంది.  తుప్పు ఇప్పటికే గుంటలు పడేంత వస్తే స్ప్రింగ్ మార్చేయమనండి, అది తెగేది సరిగ్గా కాలు తెరిచేటప్పుడే.