వాడ హద్దు వేరు, మార్కెట్ హద్దు వేరు

అందరికీ నమస్కారం. వాల్యుయేషన్ రిపోర్టుల్లో నైబర్‌హుడ్‌నూ మార్కెట్ ఏరియానూ కలిపి ఒకే పేరాలో రాసేస్తున్నారు. ఇంటి విలువ పక్కదారి పట్టేది అక్కడే.

నైబర్‌హుడ్ అంటే ఇల్లున్న వాడ. ఇళ్లు, బడి, కిరాణం, గుడి ఒకదానికొకటి ఆసరాగా ఉన్నంత మేర. దాని హద్దు నడిస్తేనే తెలుస్తుంది: మెయిన్ రోడ్డు, రైలు పట్టాలు, చెరువు కట్ట, పాత ఇళ్లు అయిపోయి కొత్త లేఅవుట్ మొదలయ్యే చోటు. మార్కెట్ ఏరియాను తేల్చేది కొనేవాళ్లు. "ఈ ఇల్లు కుదరకపోతే ఇంకెక్కడ చూస్తారు?" అని అడగండి. వాళ్లు చెప్పే కాలనీలన్నీ కలిస్తే అదే మార్కెట్ ఏరియా.

నల్లగొండ రామగిరిలో ఒక ఇల్లు అనుకుందాం. కొనేది ఊళ్లో ఉద్యోగం చేసే కుటుంబం. పానగల్లు వైపో, దేవరకొండ రోడ్డు వైపో చూస్తారు తప్ప మిర్యాలగూడకు పోరు. అదే పట్టణం అంచున ఖాళీ ప్లాటైతే లెక్క మారుతుంది. కొనేది హైదరాబాద్‌లో ఉండి పెట్టుబడి పెట్టే మనిషైతే దాన్ని 65వ నంబర్ హైవే మీది చిట్యాల, చౌటుప్పల్ ప్లాట్లతో పోల్చి చూస్తాడు. ఒకే వాడలో ఇంటికీ ప్లాటుకూ మార్కెట్ ఏరియాలు వేరు కావచ్చు. ఇది మరిచిపోతే ధర పోల్చడానికి తీసుకున్న అమ్మకాలన్నీ తప్పుతాయి.

మ్యాపులో కిలోమీటరు వలయం గీసి అమ్మకాలు ఏరడం ఇంకో పొరపాటు. పట్టాలకు అవతల అరకిలోమీటరులో ఉన్న ఇంటికి కొనేవాళ్లు వేరే ఉండొచ్చు. మూడు కిలోమీటర్ల దూరంలోని ఇల్లు అసలైన పోటీ కావచ్చు. అమ్మకాలు తక్కువైతే నేనైతే హద్దు పెంచను, కాలంలో వెనక్కి పోయి పాత అమ్మకాలు తీసుకుంటాను. ఆ మధ్యలో ధర ఎంత మారిందో సవరిస్తాను.

మార్కెట్ ఏరియాలోనే వేరే వాడ నుంచి అమ్మకం తెస్తే వాడల తేడా సవరించాలి. లెక్క చూపడానికే ఈ అంకెలు, ఇవి ఇక్కడి రేట్లు కావు. మన ఇంటి వాడలో 150 గజాల ఇల్లు 75 లక్షలకు అమ్ముడుపోయింది. పాతబడినందుకు తరుగు తీశాక కట్టడం విలువ 15 లక్షలు. మిగిలిన 60 లక్షలు నేలవి, గజం 40,000. రెండో వాడలో అంతే నేల, అలాంటి ఇల్లే 66 లక్షలు. కట్టడానికి అదే 15 లక్షలు తీస్తే గజం 34,000. తేడా 6,000. రెండో వాడ నుంచి తెచ్చిన అమ్మకానికి గజానికి అంత కలపాలి. ఇంటి ముఖం ఉన్న దిక్కు, రోడ్డు వెడల్పు, అమ్మిన కాలం రెండింటికీ ఒకటేనని ముందే చూసుకోవాలి. లేదంటే రోడ్డు తేడాను వాడ తేడాగా లెక్కేస్తారు.

ఊరి అంచున ఎకరం ధరను 4,840తో భాగించి గజం ధర అనకండి. లేఅవుట్‌లో రోడ్లకూ పార్కుకూ పోయే నేల అందులో ఉంటుంది. సేల్ డీడ్‌లో రాసిన మొత్తం కూడా చాలాసార్లు రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం పెట్టిన విలువ దగ్గరే ఆగుతుంది. ఈసీలో (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) అమ్మకం జరిగిందని చూసుకొని, అసలు ధరను కొన్నవాళ్లనూ మధ్యవర్తినీ విడివిడిగా అడగండి.

రిపోర్టులో రెండు పేరాలు వేరుగా ఉండాలి. మొదటిదాంట్లో నాలుగు దిక్కుల హద్దుల పేర్లు, ఒక్కోటి ఎందుకు హద్దో ఒక్క వాక్యం. రెండోదాంట్లో కొనేవాళ్లెవరు, వాళ్లు చూసే కాలనీలేవి, చూడనివేవి.