ఆ చప్పుడు మనదాకా వచ్చిందా?

శ్రోతలందరికీ నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. నాకిచ్చిన టైం తక్కువ, చెప్పాలనుకున్నది ఎక్కువ, అందుకని ఉపోద్ఘాతం ఏమీ లేకుండా మిమ్మల్ని నేరుగా మా ఇంటి వెనక వరండాలోకి తీసుకెళ్తాను.

మేం ఇంట్లో అప్పడాలు చేసి అమ్ముతాం. మినప్పిండి కలిపి, దంచి, ఉండలు చేసుకుని నేనూ మా అత్తయ్యా ఎదురెదురుగా పీటలేసుకుని వత్తడానికి కూర్చుంటే మధ్యాహ్నం రెండు గంటలు అలా గడిచిపోతాయి. ఆ రెండు గంటలూ చేతులకి తీరిక ఉండదు, కళ్లకి తీరిక ఉండదు, చెవులకి మాత్రం బోలెడంత తీరిక. ఒకప్పుడు ఆ తీరికంతా రేడియోదే. ఇప్పుడు పొద్దున్న రేడియో, మధ్యాహ్నం పాడ్‌కాస్ట్. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: పాడ్‌కాస్ట్ అంటే ఇదిగో, ఇప్పుడు మీరు వింటున్న ప్రసంగం లాంటిదే, కాకపోతే ఫోన్‌లో ఉంటుంది, మనకి వీలైనప్పుడు పెట్టుకోవచ్చు, కుక్కర్ కూత వేస్తే ఆపుకోవచ్చు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. మా అబ్బాయి కాలేజీకి వెళ్లేముందు ప్రపంచ చరిత్ర మీద పది, పదిహేను నిమిషాల భాగం ఒకటి వెతికి పెట్టి, ఫోన్‌ని పిండి తగలనంత దూరంలో ఉంచి వెళ్తాడు. ఒక రోజు పనామా కాలువ, ఒక రోజు లండన్‌లో కలరా, ఒక రోజు మంగోలుల గుర్రాలు.

వినడం నాకు ఇంత ముఖ్యం ఎందుకయిందో చెప్పాలి. నేను చదివింది ఒడియా మీడియం. మా గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ రోజు నుంచి ఒడిశా. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ. దానివల్ల మాలో చాలామందికి తెలుగు నోటికి వచ్చు, చెవికి వచ్చు, కంటికి రాదు. ఈ ప్రసంగం కూడా నేను ఒడియా అక్షరాల్లో రాసుకుని చదువుతున్నాను. మా అత్తయ్యకైతే ఏ అక్షరాలూ రావు. అలాంటి ఇంట్లోకి ప్రపంచ చరిత్ర తెలుగులో, చెవి గుండా వచ్చిందంటే అది మాకు మామూలు విషయం కాదండీ.

సరే, నాకు బాగా ఇష్టమైన ఒక్క భాగం గురించే ఈ రోజు చెప్తాను. మిగతావి వదిలేస్తాను.

క్రకటోవా. ఇప్పటి ఇండోనేషియాలో సుమత్రాకీ జావాకీ మధ్య ఇరుకైన జలసంధి ఉంది, సుందా జలసంధి అంటారు. అందులో క్రకటోవా ఒక చిన్న దీవి, దీవి మీద అగ్నిపర్వతం. రెండు వందల ఏళ్లకు పైగా నిద్రలో ఉన్నది 1883 మే 20న లేచింది. మొదట్లో ఎవరూ పెద్దగా భయపడలేదు, బటావియా నుంచి, అంటే ఇప్పటి జకార్తా నుంచి, జనం ఓడ కట్టించుకుని మరీ చూసి వచ్చారు. మూడు నెలలు అలా బుసలు కొట్టింది. ఆగస్టు 26, ఆదివారం మధ్యాహ్నం నుంచి అసలైనది మొదలైంది. మర్నాడు సోమవారం, ఆగస్టు 27, అక్కడి గడియారంలో ఉదయం పది దాటి రెండు నిమిషాలకి చిట్టచివరి పేలుడు. దీవిలో మూడింట రెండు వంతులు మాయమైపోయింది.

ఆ చప్పుడు ఎంత దూరం వెళ్లిందో వినండి. దగ్గర్లో ఉన్న ఒక ఓడ కెప్టెన్, తన మనుషుల్లో సగానికి పైగా కర్ణభేరులు పగిలాయని రాసుకున్నాడు. హిందూ మహాసముద్రం మధ్యలో డియెగో గార్సియా దీవిలో జనం, ఏదో ఓడ ఆపదలో పడి ఫిరంగి పేలుస్తోందనుకున్నారు. ఇంకా దూరం, మారిషస్ పక్కన రోడ్రిగ్స్ అనే దీవి ఉంది. అక్కడి పోలీసు అధికారి జేమ్స్ వాలిస్, తూర్పు దిక్కు నుంచి పెద్ద ఫిరంగులు పేలినట్టు వినబడుతోందని రాశాడు. క్రకటోవా నుంచి రోడ్రిగ్స్ దాదాపు 4,800 కిలోమీటర్లు. బరంపురం స్టేషన్లో రైలెక్కితే హౌరా 600 కిలోమీటర్లు. అలాంటి ఎనిమిది ప్రయాణాల దూరం. అంత దూరం ఒక చప్పుడు నడుచుకుంటూ వెళ్లింది, నాలుగు గంటలు పట్టింది, చేరాక కూడా మనిషి చెవికి వినబడింది. ఆ మాట దగ్గర నా చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది.

చప్పుడు కంటే ఘోరం నీళ్లు. ముప్ఫై మీటర్లు దాటిన అలలు లేచాయి. అప్పట్లో అక్కడ ఏలుతున్న డచ్చి ప్రభుత్వం లెక్కగట్టిన చావులు 36,417. అందులో చాలా ఎక్కువ భాగం అగ్నికి కాదు, అలలకి. బెరౌ అనే స్టీమరుని అల ఎత్తుకెళ్లి, సముద్రానికి రెండు కిలోమీటర్లకు పైగా లోపల, అడవిలో పడేసింది.

అదే తీరంలో లౌడన్ అని ఇంకో ఓడ ఉంది, ప్రయాణికులున్నారు. కెప్టెన్ పేరు లిండెమన్. అల వస్తోందని చూసి ఆయన వెనక్కి తిరిగి పారిపోలేదు, ఒడ్డుకి పోలేదు, ఓడ ముక్కుని సూటిగా అలకి ఎదురు పెట్టాడు. ఓడ నిటారుగా పైకి లేచింది, అల మీద నుంచి అవతలికి దిగింది. వెనక్కి తిరిగి చూసేసరికి తెలుక్ బెతుంగ్ అనే ఊరు ఊరంతా నీళ్ల కింద. ఓడలో ఉన్నవాళ్లు బతికారు. ఇది విని మా అత్తయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు. ‘‘మన గోపాల్‌పూర్ నోలియాలు చేసేదీ అదే కదమ్మా, అలకి పక్క చూపిస్తే పడవ బోర్లా పడదూ, ముక్కే చూపించాల’’ అంది. నోలియాలంటే ఇక్కడి తెలుగు బెస్తవాళ్లు, తరతరాలుగా ఈ అలల మీదే వేట.

ఆ తరవాత ఆవిడ అడిగిన ప్రశ్న కోసమే నేను ఈ రోజు ఇక్కడికి వచ్చాను. ఫోన్‌లో భాగం అయిపోయింది, సంగీతం వస్తోంది, మా అత్తయ్య ఒక అప్పడం ఎత్తి చాప మీద వేస్తూ, ‘‘అయితే అమ్మాయ్, ఆ చప్పుడు మనదాకా వచ్చిందేటి?’’ అంది.

పదిహేను నిమిషాల్లో ఎవరూ చెప్పని సంగతి అది. మనదాకా వచ్చిందా? సాయంత్రం మా అబ్బాయి రాగానే వాడి ముందు పెట్టాను. వాడూ నేనూ రెండు మూడు రాత్రులు కూర్చుని వెతికాం. 1888లో లండన్‌లోని రాయల్ సొసైటీ, అంటే అక్కడి శాస్త్రవేత్తల సంఘం, క్రకటోవా మీద వేసిన పెద్ద నివేదిక దొరికింది. ఆ రోజుల్లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు మన తీరం పొడవునా ఆటుపోట్లు కొలిచే యంత్రాలు పెట్టి ఉంచారు. నీటిమట్టం ఎంత లేచిందో, ఎంత దిగిందో యంత్రమే కాగితం మీద గీత గీస్తూ ఉంటుంది. మేజర్ బెయిర్డ్ అనే అధికారి ఆ గీతలన్నీ తెప్పించి చూశాడు. క్రకటోవా అల ఆ గీతల మీద ఉంది! మద్రాసులో ఉంది, విశాఖపట్నంలో ఉంది, మహానది కలిసే చోట ఫాల్స్ పాయింట్‌లో ఉంది. మన తీరానికి వచ్చేసరికి అది చాలా చిన్నది, ఒడ్డున నిలబడ్డ మనిషి మామూలు అలే అనుకునేంత చిన్నది, కాగితం మీద గీత మాత్రం పట్టుకుంది.

ఇప్పుడు మ్యాప్ ఒకసారి మనసులో పెట్టుకోండి. కింద విశాఖపట్నం, పైన ఫాల్స్ పాయింట్. మధ్యలో ఎవరు? బారువ, సోంపేట తీరం, గోపాల్‌పూర్, రుషికుల్య, చిలికా. అంటే ఆ సోమవారం జావా నుంచి బయల్దేరిన నీటి కదలిక మన గోపాల్‌పూర్ ఒడ్డుని కూడా తాకింది. అప్పటికి మనకి రైలు లేదు, గోపాల్‌పూర్‌లో స్టీమర్లు లోతు నీళ్లలో ఆగేవి, సరుకూ మనుషులూ మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకి చేరేవాళ్లు. ఆ పడవల్లో తెడ్లేసేవాళ్ల కాళ్లకి ఆ నీళ్లు తగిలే ఉంటాయి. వాళ్లకి తెలియదు, అంతే.

ఇంకోటి. ఆ సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. ఇది పుక్కిటి పురాణం కాదండీ, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మిచీ స్మిత్ కొలిచి, రాసి పెట్టాడు. పేలుడు ఎగజిమ్మిన సన్నటి ధూళి ఆకాశంలో అంత ఎత్తున ప్రయాణం చేస్తోంది. ఆ ఏడు నవంబరులో అమెరికాలో సాయంకాలం ఆకాశం ఎంత ఎర్రబడిందంటే, ఊరవతల అగ్నిప్రమాదం జరిగిందనుకుని కొన్ని చోట్ల ఫైరింజన్లు పరిగెత్తాయి. మా అత్తయ్యకి ఎర్ర ఆకాశం నచ్చలేదు, పచ్చ సూర్యుడు నచ్చాడు. మూడుసార్లు చెప్పించుకుంది.

అందరూ ఇలా రాత్రులు కూర్చుని నివేదికలు వెతకాలని నేను అనడం లేదు. నేను చెప్పేది ఒక్కటే, అది మళ్లీ మళ్లీ చెప్తాను: ఒక్క భాగం విని ఆపండి. రెండోది పెట్టకండి. ఈ ఫోన్‌ల పద్ధతి ఎలా ఉంటుందంటే ఒకటి అవగానే మనల్ని అడక్కుండా ఇంకోటి మొదలవుతుంది, మొదట్లో నేను కూడా రోజుకి ఐదు వినేదాన్ని, సాయంత్రానికి నెపోలియనూ నైలునదీ కలిసిపోయి ఒక్కటీ నిలిచేది కాదు. ఇప్పుడు ఒక్కటే. విన్నాక ఫోన్ పక్కన పెట్టేసి ఆ ప్రశ్న వేసుకోవడం: మనదాకా వచ్చిందా? అదే సమయంలో ఇక్కడ ఏముంది? జవాబు ఆ రోజే దొరక్కపోయినా పర్లేదు. తరవాత, ఆ రాత్రి అన్నం తినేలోపు ఎవరో ఒకరికి ఆ కథ మన మాటల్లో చెప్పడం. మనం చెప్పేటప్పుడే తెలుస్తుంది, ఎక్కడ అర్థమైందో, ఎక్కడ కాలేదో.

చెప్పేముందు తేదీ, అంకె మాత్రం ఇంకోచోట సరిచూసుకోవాలి. నేను విన్న ఇంకో కార్యక్రమంలో క్రకటోవా చప్పుడు ప్రపంచమంతా వినబడిందన్నారు. వినబడలేదు. చెవికి వినబడింది రోడ్రిగ్స్ దాకానే. ప్రపంచాన్ని చుట్టింది గాలి ఒత్తిడి కెరటం, అది భూమిని మూడు నాలుగుసార్లు చుట్టిందని దేశదేశాల్లో గాలి ఒత్తిడి కొలిచే పరికరాల మీద తేలింది. ఉన్నదే ఇంత గొప్పగా ఉంటే దానికి ఇంకా కలపడం ఎందుకు? అలా కలిపేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

జావా మనకి కొత్త ఊరు కాదు కూడా. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఇక్కడ అందరం అరటి దొప్పల పడవల్లో దీపం పెట్టి చెరువులో వదులుతాం కదా, బొయిత బందాణ, అది జావా, బాలి వెళ్లిన ఓడల గుర్తే. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు పండితుడు తన భూగోళ గ్రంథంలో పాలూరా అనే రేవు పేరు రాశాడు, అక్కడి నుంచి ఓడలు తీరం వదిలి తూర్పు సముద్రానికి అడ్డంపడి వెళ్తాయన్నాడు. అది మన గంజాం పాలూరేనని చాలామంది పండితుల మాట. దాని మీద వేరే ప్రసంగం చెయ్యాలి, ఇప్పుడు టైం లేదు.

గోపాల్‌పూర్ నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఒకావిడ ఉంది. ఆవిడ గంప దించగానే మా అత్తయ్య చేపల బేరం మానేసి క్రకటోవా మొదలుపెట్టింది. పేరు పలకలేక ‘‘ఆ జావా కొండ’’ అంది, మిగతాదంతా పొల్లుపోకుండా చెప్పింది. లౌడన్ ఓడ దగ్గరికి వచ్చేసరికి చేయి ఓడలా పెట్టి, ముక్కు పైకెత్తి చూపించింది. చేపలావిడ కూర్చుండిపోయి విన్నది. విని, ‘‘మా పక్క వెంకటరాయపూర్‌లో సునామీ వస్తే ఎటు పరిగెత్తాలో బోర్డులు పెట్టినారమ్మా’’ అంది. నిజమే, గంజాం జిల్లా వెంకటరాయపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి, ఈ రెండు ఊళ్లకీ 2020లో యునెస్కో వాళ్లు సునామీని ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉన్న ఊళ్లుగా గుర్తింపు ఇచ్చారు, మన దేశంలో మొదట వచ్చింది వీటికే. ఆ జావా కొండ చచ్చిపోలేదని నేను చెప్పాను. అదే చోట 1927లో సముద్రంలోంచి ఇంకో కొండ పైకి వచ్చింది, అనక్ క్రకటోవా, అంటే క్రకటోవా బిడ్డ. 2018 డిసెంబర్ 22 రాత్రి అందులో ఒక పక్క సముద్రంలోకి జారిపడి సునామీ వచ్చింది, నాలుగు వందల మందికి పైగా పోయారు. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, సముద్రం సంగతి ఆవిడకి నేను చెప్పేదేముంది.

నాలుగు రోజుల తరవాత మళ్లీ వచ్చింది. గంప దించకుండానే, ‘‘అమ్మా, మా బుడ్డోడికి చెప్పినాను. అల మీదకి ఓడ ఎక్కించినోడి పేరేటని ఒకటే గోల. కాగితం మీద రాసియ్యమ్మా’’ అంది.

వాడు ఒడియా బడిలో నాలుగో తరగతి. అప్పడాల పొట్లాలకి అంటించే కాగితం ముక్క ఒకటి తీసుకుని, ఒడియా అక్షరాల్లో పెద్దగా రాసిచ్చాను: లిండెమన్.

సెలవు, నమస్కారం.