బండి మీద నీళ్ళ సీసా ఎక్కడ?

శ్రోతలకు నమస్కారం.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఎండలోనే హైదరాబాద్ నుంచి విజయవాడకో, కర్నూలు నుంచి అనంతపురానికో, పెళ్ళనీ పనులనీ బండి తీసేవాళ్ళు మనలో ఎంతోమంది. బయల్దేరేముందు పెట్రోలు చూసుకుంటారు, టైర్లలో గాలి చూసుకుంటారు, ఫోన్‌లో చార్జింగ్ చూసుకుంటారు. నీళ్ళ సంగతి అడిగితే మాత్రం "దారిలో కొనుక్కుందాంలే" అంటారు. ఆ "కొనుక్కుందాంలే" గురించే ఇవాళ నా మాటలన్నీ.

పొలంలో పనిచేస్తే చెమట కారడం తెలుస్తుంది. బండి మీద తెలియదు. అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే చెమట పట్టింది పట్టినట్టే గాలికి ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంది కాబట్టి ఒంట్లో నీళ్ళు తగ్గడం లేదనుకుంటాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూడండి, ఒక్కసారిగా ఒళ్ళంతా తడిసిపోతుంది. అది అప్పుడే మొదలైన చెమట కాదు. అప్పటిదాకా కూడా పడుతూనే ఉంది, మనకు కనిపించలేదంతే. సాయంత్రం చొక్కా విప్పితే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి కదా, అవే దానికి సాక్ష్యం.

ఇంకో సంగతి ఉంది. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ ఒంటికి తగిలి వేడిని తీసుకుపోతుంది. బయట 42 డిగ్రీలు ఉంటే అదే గాలి వేడిని తెచ్చి ఒంటికి ఇస్తుంది. అప్పుడు చల్లబడటానికి చెమట ఆరడం ఒక్కటే దారి, ఆ చెమటకు నీళ్ళు కావాలి. అందుకే నడి మధ్యాహ్నం చొక్కా గుండీలు విప్పేసి, రొమ్ము గాలికి పెట్టి పోయే కుర్రాళ్ళను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. హాయిగానే అనిపిస్తుంది, కాదనను. కానీ వేడిగాలి సూటిగా ఒంటికి తగిలి చెమట ఇంకా త్వరగా ఇంకిపోతుంది. వదులుగా ఉన్న పొడుగు చేతుల కాటన్ చొక్కా ఇంతకంటే ఎన్నో రెట్లు మేలు.

దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకుంటే ఆలస్యమైనట్టే. దాహం గట్టిగా తెలిసేలోపే ధ్యాస చెదరడం మొదలవ్వొచ్చు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రయోగం ఒకటి 2015లో అచ్చయింది. కొంతమందిని కారు నడుపుతున్నట్టే ఉండే యంత్రం (సిమ్యులేటర్) ముందు రెండు గంటలు కూర్చోబెట్టారు. ఒకరోజు గంటకు 200 మిల్లీలీటర్ల నీళ్ళిచ్చారు, ఇంకోరోజు 25 మాత్రమే. నీళ్ళు సరిపడా తాగిన రోజు మొత్తం 47 తప్పులు చేసిన ఆ మనుషులే, తాగని రోజు 101 చేశారు. గీత దాటడం, బ్రేకు ఆలస్యంగా వేయడం, అలాంటి తప్పులు. అది నాలుగు చక్రాల బండి, అదీ గదిలో. మన రెండు చక్రాల బండికి, మన రోడ్డుకి ఆ లెక్క ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయం. నీళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు కూడా చాలామంది తాగరు. కారణం సీసా ఉన్న చోటు. వీపు బ్యాగులో అడుగున, బట్టల కింద ఉందనుకోండి. బండి ఆపాలి, గ్లవ్స్ తీయాలి, హెల్మెట్ తీయాలి, బ్యాగు దించాలి, జిప్పు లాగాలి. ఇన్ని పనులుంటే ఎవరైనా "ముందు ఊళ్ళో చూద్దాం" అనే అంటారు. చౌటుప్పల్‌లో ఆగుదామనుకున్నవాడు నార్కెట్‌పల్లి అంటాడు, నార్కెట్‌పల్లి వచ్చాక సూర్యాపేట అంటాడు. సూర్యాపేటలో దిగేసరికి తలనొప్పి, చిరాకు, ఆవులింతలు. అక్కడ లీటరు నీళ్ళు గటగటా తాగేసి, కడుపు బరువెక్కి, మళ్ళీ కునుకుపాట్లు.

సీసా చేయి చాస్తే అందాలి. పెట్రోలు ట్యాంకు మీద కట్టుకునే చిన్న బ్యాగు నా ఉద్దేశంలో అన్నిటికంటే మంచి చోటు. ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి ఆగగానే చేయి దాని మీదకే పోతుంది. అది లేకపోతే వెనక సీటు మీద వల తాడుతో గట్టిగా బిగించండి. స్కూటర్ ఉన్నవాళ్ళు సీటు కింద డిక్కీలో పెడతారు. కింద ఇంజిన్ ఉంటుంది కాబట్టి గంటలో ఆ నీళ్ళు స్నానానికి కాచినట్టవుతాయి. హ్యాండిల్‌కు ప్లాస్టిక్ కవర్లో సీసా వేలాడదీయడం మాత్రం దయచేసి వద్దు. మలుపులో అది ఊగి హ్యాండిల్‌కు అడ్డం పడుతుంది, కవర్ తెగితే సీసా పోయేది ముందు చక్రం కిందకే. వీపు బ్యాగులో వెన్నుపూసకు ఆనేలా స్టీలు సీసా పెట్టడమూ ప్రమాదమే. కింద పడితే ముందు గుచ్చుకునేది అదే.

గొట్టం ఉన్న నీళ్ళ బ్యాగులు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. రెండు లీటర్లు వీపున వేసుకుని, గొట్టం భుజం మీదుగా నోటి దగ్గరకు తెచ్చుకోవచ్చు. దూరాలు పోయేవాళ్ళకు మంచి వస్తువు. గొట్టంలో నిలిచిన నీళ్ళు ముందు వేడెక్కుతాయి కాబట్టి తాగాక ఒకసారి లోపలికి ఊదితే అవి బ్యాగులోకి వెళ్ళిపోతాయి. అందులో మామూలు నీళ్ళే పోయండి. నిమ్మరసం, పంచదార పోస్తే గొట్టంలో బూజు పడుతుంది, కడగడం నరకం. గొట్టం ఉంది కదా అని బండి నడుస్తుండగా తాగొద్దు.

నీళ్ళు చల్లగా ఉండాలంటే ఒక పాత పద్ధతి ఉంది. ఒకప్పుడు లారీల ముందు కాన్వాస్ సంచుల్లో నీళ్ళు వేలాడదీసేవారు, కొంతమందికి గుర్తుండే ఉంటుంది. గుడ్డలోంచి ఊరిన తడి గాలికి ఆరుతూ లోపలి నీళ్ళను చల్లబరిచేది. అదే పని మీరూ చేయొచ్చు. పాత లుంగీ ముక్క తడిపి సీసాకు రెండు చుట్లు చుట్టి, గాలి తగిలేచోట, నీడలో ఉండేట్టు కట్టండి. ఆగినప్పుడల్లా గుడ్డ మళ్ళీ తడపండి. నల్గొండ, అనంతపురం పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం వైపు ఉక్కపోతలో అంతగా పనిచేయదు, అక్కడ తడి ఆరదు కదా. కోస్తా వాళ్ళు రాత్రే సీసాలో సగం నీళ్ళు పోసి, ఫ్రీజర్‌లో పడుకోబెట్టి గడ్డకట్టించి, పొద్దున మిగతా సగం నింపుకోవడం మేలు.

ఎంత తాగాలి? ఎండలో పనిచేసేవాళ్ళకు నిపుణులు చెప్పేది పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. బండి మీద అంత తరచుగా ఆగలేం. కనీసం గంటకోసారి నీడలో ఆగి, అర లీటరుకు తగ్గకుండా గుక్కగుక్కగా తాగండి. గంటకు లీటరున్నర మాత్రం దాటొద్దు. ఉత్త నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు తమ లెక్క డాక్టరునే అడగాలి.

గంటా రెండు గంటల ప్రయాణానికి మామూలు నీళ్ళు చాలు. రోజంతా ఎండలో తిరిగితే ఉప్పు కూడా కావాలి. మన ఉప్పు మజ్జిగకు సాటి లేదు గానీ, మూతబిగించిన సీసాలో గంటల తరబడి ఎండలో పెడితే పులిసి పొంగుతుంది. పొద్దున్నే తాగి బయల్దేరండి, మళ్ళీ దారిలో కొనుక్కోండి. రాగి సీసాలో మజ్జిగ, నిమ్మరసం అసలు పోయొద్దు, పులుపు లోహాన్ని కరిగిస్తుంది.

ఒంట్లో పోయిన నీళ్ళను, ఉప్పును తిరిగి నింపే ఓఆర్ఎస్ గురించి కాస్త చెప్పాలి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగి సెలైన్ చాలనప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళను తాగించి వేలమందిని బతికించారు. గ్లూకోజు తోడుంటే పేగులు ఉప్పును లోపలికి తీసుకుంటాయి, ఉప్పు వెంట నీళ్ళు వెళ్తాయి. పాళ్ళు కుదరాలి. లీటరు ప్యాకెట్‌ను లీటరులోనే కలపాలి. "సగం సీసాలో స్ట్రాంగ్‌గా కలిపా" అంటే కుదరదు. ఓఆర్ఎస్ పేరుతో తియ్యటి పానీయాలు అట్టపెట్టెల్లో ఎన్నో ఏళ్ళు అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అసలు సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. మందుల షాపులో కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చదవండి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే తాగాలి.

ఆడవాళ్ళు కావాలనే నీళ్ళు తాగకుండా బయల్దేరతారు, దారిలో బాత్రూమ్ దొరకదని. ఆ భయం ఒట్టిది కాదు. కానీ పెట్రోలు బంకుల్లో తాగునీరు, మరుగుదొడ్డి, టైర్లకు గాలి ఉచితంగా ఉండాలన్నది ఆయిల్ కంపెనీలు పెట్టుకున్న నిబంధనే. పెట్రోలు పోయించుకోకపోయినా అడగొచ్చు. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి, మొహమాటం వద్దు.

చివరిగా, తోడు వచ్చినవాళ్ళను గమనించండి. వెనక కూర్చున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే బండి ఆపి 108కి ఫోన్ చేయండి. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, సీసాలో ఉన్న నీళ్ళన్నీ మెడ మీద, చంకల్లో, ఒంటి మీద పోసి గట్టిగా విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో మాత్రం చుక్క కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంబులెన్స్ వచ్చేదాకా తడుపుతూనే ఉండండి.

నమస్కారం.