ఓర్సాన్‌మికేలే శిల్పాల్ని ఎక్కడ నిలబడి చూడాలి?

[స్క్రీన్‌పై: ఇటలీ శిల్పి డొనాటెల్లో చెక్కిన సెయింట్ మార్క్ విగ్రహం, కళ్లకు ఎదురుగా తీసిన ఫొటో]

ఈ ఫొటో ఎక్కడ కనిపించినా కింద ఒకటే గోల: "మొండెం ఇంత పొడుగేంటి? కొలతలు కూడా రావా?" వింటే ఒళ్లు మండుతుంది. డొనాటెల్లోకి కొలతలు బాగానే వచ్చు. కెమెరా ఉండకూడని చోట ఉంది, అంతే.

సినిమా హాలు ముందు కటౌట్ ఉంటుంది కదా. నిచ్చెనేసుకుని ఎక్కి, హీరో ముక్కుకు ముక్కు ఆనించి చూసి బాలేదంటామా? అది రోడ్డు మీంచి తలెత్తి చూసేవాడి కోసం కట్టింది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఓర్సాన్‌మికేలే కూడా అంతే. ధాన్యం కొట్టూ గుడీ కలిసిన భవనం, బయట గోడల్లో 14 గూళ్లు, దాదాపు ప్రతి గూడూ ఒక్కో వృత్తి సంఘానిది. సెయింట్ మార్క్ 1411–13 నాటి పాలరాతి పని. కింద నేల మీద ఉండగా చూసి సంఘంవాళ్లు పెదవి విరిచారట. డొనాటెల్లో దాన్ని గూట్లోకి ఎక్కించి, 15 రోజులు తెర కట్టి, ఉలి తాకించకుండానే తెర తీస్తే అందరూ ఆహా అన్నారట. కళాకారుల జీవిత కథలు రాసిన వసారి చెప్పిన కథ ఇది. జరిగిందో లేదో గానీ, పాయింట్ మాత్రం కరెక్టే.

ముందు వీధికి అవతలి వైపు నిలబడండి. మొహం జోలికి వెళ్లకండి, పాదాల దగ్గర మొదలుపెట్టండి.

[స్క్రీన్‌పై: పాదాలు, క్లోజప్]

పాదాల కింద దిండు ఉంది చూశారా? బరువుకి నొక్కుకుపోయింది. రాయండీ అది! సాధువుకి దిండెందుకంటే, డబ్బు పెట్టింది లినెన్ వ్యాపారుల సంఘం. కటౌట్ కింద అభిమాన సంఘం పేరు రాసుకున్నట్టు, వీళ్లు సరుకే చూపించుకున్నారు. ఇక పైకి రండి. బరువు మోసే కుడి కాలి మీద మడతలు స్తంభం మీది నిలువు గాడుల్లా నిటారుగా దిగుతాయి. వంగిన ఎడమ మోకాలి దగ్గర బట్ట లాగినట్టు బిగుస్తుంది. ఆ తేడా పట్టుకుంటే లోపల ఒళ్లు ఎలా నిలబడిందో తెలిసిపోతుంది.

తర్వాత దేంతో చేశారో చూడండి. కంచు పాలరాయి కంటే ఎన్నో రెట్లు ఖరీదు. బ్యాంకర్లు, ఉన్ని వ్యాపారులు లాంటి పెద్ద సంఘాలు గిబెర్తి అనే శిల్పి చేత తమ విగ్రహాల్ని కంచులో పోయించుకున్నాయి. పక్క హీరో కటౌట్ కంటే మనది ఘనంగా ఉండాలన్న పంతమే, ఇంకేం కాదు.

పీఠం వదిలేయకండి, అందరూ చేసే తప్పదే. నాన్నీ ది బాంకో అనే శిల్పి చేసిన నలుగురు సాధువుల కింద చిన్న ఉబ్బెత్తు శిల్పం ఉంది: ఒకడు గోడ కడుతున్నాడు, ఒకడు రాయి తొలుస్తున్నాడు, ఒకడు బొమ్మ చెక్కుతున్నాడు. రాతి పనివాళ్ల సంఘం గూడు మరి.

టైమ్ అయిపోతోంది, గబగబా రెండు ముక్కలు. డొనాటెల్లో సెయింట్ జార్జ్ ఆయుధాల తయారీదారులది. గూటికి లోతు తక్కువ, అందుకే మనిషి ముందుకొచ్చేస్తున్నట్టుంటాడు. కింద డ్రాగన్ దృశ్యం మరీ పల్చటి చెక్కడం, పక్కనుంచి వెలుతురు పడితేనే తేలుతుంది. శిల్పి వెరోకియో చేసిన క్రీస్తు, థామస్ జంటలో థామస్ పాదం గూడు దాటి బయటికొచ్చింది. ఈ రెండు కంచు బొమ్మలకి వెనక భాగమే లేదు. కనపడని చోట కంచు దండగ కదా!

ఇప్పుడు బయట గూళ్లలో ఉన్నవి నకళ్లు. అసలువి చాలావరకు పై అంతస్తు మ్యూజియంలో, సెయింట్ జార్జ్ బార్జెల్లో అనే ఇంకో మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ మాత్రం కాస్త దగ్గరికెళ్లి, మోకాళ్లు వంచి, కిందనుంచి పైకి చూడండి.